భైరవయ్యకు బల్లి తోడు

ఆలూరు,
14-6-1954

ప్రియమైన ఓబులేసుకు,

నేను చేరాను, నా పెట్టె చేరలేదు. గుంతకల్లులో బండి మారేటప్పుడు కూలివాడు దాన్ని ఏ బండిలోకి ఎక్కించాడో ఏమో, నాలుగు రోజులు ఒకే చొక్కాతో ఆఫీసుకు పోయాను. కడప నుంచి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్ ఇంతేనేమో అనుకున్నట్టున్నారు, ఎవరూ అడగలేదు. ఐదోనాడు పెట్టె వచ్చింది. ముందుగా గవ్వలు చూసుకున్నాను. ఏడూ ఉన్నాయి.

ఇక్కడ నల్లరేగడి, గాలి, దుమ్ము. వాన ఊసు లేదు. ఉరుకుందమ్మ అనే పెద్దావిడ ఇంట్లో ముందుగది తీసుకున్నాను. కృష్ణవేణమ్మా పిల్లలూ ప్రొద్దుటూరులో మా నాయన మగ్గాల దగ్గరే ఉన్నారు. నిన్న ఆదివారం భోంచేసి ఊరికే గవ్వలు వేసి చూసుకుంటుంటే ఉరుకుందమ్మ గడప దగ్గర నిలబడింది. "ఏమప్పా, ఒంటిగా గవ్వలేసుకుంటాండావు, ఎవరి మీదికి?" అని అడిగింది. ఆట అన్నాను. "ఆటయితే రెండోవాడు యాడ?" అంది. కడపలో ఉన్నాడన్నాను. అంతే, సాయంత్రానికల్లా నా గది ముందు నిమ్మకాయ కోసి పెట్టింది.

ఆవిడ సంగతి అలా ఉంచు. మన ఆట ఆగకూడదు. ఎవడో ఆకాశరామన్న మన ఆఫీసరుకు ఉత్తరం రాసి నన్ను బదిలీ చేయించాడు. కానీ వాడు నా సిపాయి తిమ్మన్నను బదిలీ చేయించలేడు కదా. పదేళ్లుగా మనం మధ్యాహ్నం పూట చెడిపోయిన కాగితాల వెనక గీసుకున్న దేశమది. పటానికి రెండో ప్రతి గీసి ఇందులో పెట్టాను. నీ వంతు గవ్వలు నువ్వే వెయ్యి. ఎన్ని వెల్లకిలా పడితే నీ మనిషి అన్ని ఆమడలు నడుస్తాడు. నువ్వు రాసిన లెక్కే లెక్క, నేను నిన్ను అడగను. నా వంతూ అంతే.

నీ వైద్యుడు భైరవయ్యా నా తిమ్మన్నా ఏరు దాటారు కాబట్టి ఇద్దరికీ తోడుజీవాలు ఇవ్వాలి. మన కట్టడి తెలుసుగా, ఎవడి జీవాన్ని వాడు ఎంచుకోకూడదు. ఎవడి స్వభావం వాడికి కనపడదు కాబట్టి ఎదుటివాడే ఎంచాలి. నీ ఉప్పు వర్తకుడు ఊరికే గొప్పలు పోతాడని నేను పుంజునిస్తే అది కూసి దొంగలకు వాడి జాడ చెప్పేసింది. నా సోమరి రాజుకు నువ్వు చీమనిచ్చావు. రాజు సిగ్గుపడలేదు గాని నేను పడ్డాను.

భైరవయ్యకు ఏమివ్వాలా అని గుంతకల్లు దాకా ఆలోచించాను. బల్లిని ఇస్తున్నాను. భుజం మీద కూర్చుంటుంది. ఎందుకిచ్చానన్నది ఎప్పటిలాగే కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క వేశాను. అదీ ఇందులోనే ఉంది. భైరవయ్య కొండమీది కోట చేరిన తరువాతనే విప్పాలి.

మీ ఆవిడ రామలక్ష్మమ్మ ఉబ్బసం ఎలా ఉంది? రాయి.

నీ ఆప్తుడు,
చౌడప్ప


కడప,
23-6-1954

ప్రియమైన చౌడప్పా,

ఉత్తరం, పటం, లక్క కవరు, మూడూ అందాయి. కొండలు గీయడంలో నీ చెయ్యి నీదే. నువ్వు లేకపోయేసరికి కిటికీ పక్క బల్ల మీద ఫైళ్లు పేర్చారు. నాకు అటు చూడబుద్ధి కావడం లేదు.

భైరవయ్యకు బల్లి ఎందుకప్పా? మీద పడితే తలంటు పోసుకునే జనం మనది. వైద్యుడి భుజం మీద బల్లి కనిపిస్తే రోగి మందు తాగకుండానే లేచి పోతాడు. పాముకాటుకు మందిచ్చేవాడు గనుక ముంగిసనివ్వు. మూలికల కోసం చెట్లెక్కుతాడు గనుక ఉడుతనివ్వు. పాలకోసం మేకనిచ్చినా కాదనను. పదేళ్లలో నిన్ను నేను ఏదీ మార్చమని అడగలేదు, ఇది మార్చు.

బల్లి అన్న ఆలోచన నీకై నీకే వచ్చిందా, ఎవరైనా ఏమైనా అన్నారా? బంట్రోతు ఏసేపు గాని మన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గాని నీకు ఉత్తరం రాశారా? ఊరికే అడుగుతున్నాను.

నీ తిమ్మన్నకు నేను గుర్రాన్ని ఇస్తున్నాను. తెల్లది, ఐదేళ్లది, అలుపెరగనిది. నాకు నాలుగు గవ్వలు పడ్డాయి. భైరవయ్య జొన్నచేల దాకా వచ్చాడు.

రామలక్ష్మమ్మ ఇప్పటికీ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. కొత్త డాక్టరు మందుతో కొంచెం తెరిపిగా ఉంది. దుమ్ము ఊళ్లకు పోవద్దని ఆయన మరీ మరీ చెప్పాడు.

నీ
ఓబులేసు


ఆలూరు,
2-7-1954

ప్రియమైన ఓబులేసుకు,

నాకు మూడు గవ్వలు పడ్డాయి. తిమ్మన్న మూడామడలు పోయాడు, అదీ గుర్రం మీద. ఆ గుర్రం సంగతే మాట్లాడాలి.

పదేళ్లలో నువ్వు నాకు చెప్పుకోదగ్గ జీవాన్ని ఒక్కటీ ఇవ్వలేదు. నా మంత్రికి ఆమడ దూరం నుంచి కంపు కొట్టే పునుగుపిల్లినిచ్చావు. ఇప్పుడు అడక్కుండానే తెల్ల గుర్రం ఇచ్చావు. తిమ్మన్న మొండివాడు, నోటి దురుసు, ముందు కొట్టి తరువాత ఆలోచిస్తాడు. వాడికి గుర్రం ఏ లెక్కన సరిపోయిందో నాకు అర్థం కాలేదు. పెళ్లివారు ఎక్కువ మర్యాద చేస్తే పిల్లలో ఏదో లోపముందని మా అవ్వ అనుమానపడేది. నాకూ అలాగే ఉంది. నా మీద జాలిపడి ఇచ్చావా? అయితే వెనక్కు తీసుకో.

బల్లిని మార్చను. ఎవరో చెప్తే ఇచ్చింది కాదది. ఆఫీసు గోడ మీద ఆ బల్లి పలికినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇంతకుమించి ఒక్క మాట చెప్పినా కవరు విప్పినట్టే అవుతుంది.

అసలు సంగతి. ఇక్కడ పని తక్కువ, ఆలోచన ఎక్కువ. ఆ ఆకాశరామన్న ఎవడో నాకు తెలిసిపోయిందనుకుంటాను. విచారణ రోజున ఆఫీసరు నాకు ఆ ఉత్తరం ఒక్క నిమిషం చూపించాడు. అక్షరాలు వంకరటింకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పట్టుమని నాలుగు తరగతులు చదివినవాడి చేతిరాత. నేను ఆఫీసులో జూదమాడిస్తున్నాననీ, గవ్వలు నా కుడివైపు సొరుగులో ట్రేసింగు గుడ్డ కింద ఉంటాయనీ రాశాడు. జూదమన్నది పచ్చి అబద్ధం. సొరుగు మాట మాత్రం నిజం. బల్లలు తుడిచేవాడికి తప్ప అది ఎవరికి తెలుస్తుంది?

కిందటేడు పటం మీద ఇంకు ఒలకబోశాడని నేను ఏసేపును అందరి ముందూ తిట్టాను. వాడు మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాడు. నువ్వు వాడితో ఏదో ఒక వంకన నాలుగు వాక్యాలు రాయించి పంపు. అక్షరాలు నేను పోల్చుకుంటాను. పటాలు గీసిన కళ్లు నావి.

నీ ఆప్తుడు,
చౌడప్ప


కడప,
12-7-1954

చౌడప్పకు,

ఏసేపుతో నేను ఏమీ రాయించను. వాడు అలాంటివాడు కాడు. నువ్వు వెళ్లిన మర్నాడు వాడు నీ కుర్చీ తుడుస్తూ "శానా మంచి సారు, తిట్టినా మళ్లీ పిలిచి టీ తాపిచ్చేటోడు" అన్నాడు. ఈ మాట నమ్మితే నమ్ము.

బల్లి పలికినప్పుడు నువ్వు అక్కడే ఉన్నానని రాశావు. ఎక్కడ ఉన్నావు? ఏ రోజు? గదిలో ఉన్నావా, వరండాలో ఉన్నావా? అందరూ భోజనాలకు పోయిన వేళ కాదా అది? ఆ గదిలో ఎవరూ లేరు. ఎవరూ లేరని నాకు బాగా తెలుసు.

నాతో దాగుడుమూతలు వద్దు. ఏదైనా ఉంటే తిన్నగా అడుగు. భైరవయ్యను చెట్టుకింద కూర్చోబెట్టాను. ఈ వంతు గవ్వలు వేయలేదు. కవరు నా పెట్టెలో అడుగున ఉంది, విప్పలేదు. విప్పానని నువ్వు అనుకుంటావేమోనని చెప్తున్నాను.

ఓబులేసు


ఆలూరు,
20-7-1954

ప్రియమైన ఓబులేసుకు,

నీ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. ఏ గది, ఏ వరండా అని కోర్టులో వకీలు అడిగినట్టు అడిగావు. నేను భుజం మీద బల్లినిచ్చాను గాని మెడకు ఉరితాడు ఇవ్వలేదే. భోజనాల వేళ అన్నావు, నేను అనుకున్నది ఆ వేళ కాదు. మనిద్దరం ఒకే ఆట ఆడుతున్నామా అని నాకే అనుమానం వచ్చింది. రామలక్ష్మమ్మకు ఎక్కువైందా? నిద్రలేక నీకు ఇలా ఉందా? నిజం చెప్పు.

మొన్న వాన పడింది. ఉరుకుందమ్మ దాన్ని కూడా అనుమానంగానే చూసింది. నేను గవ్వలు వెయ్యడం మానేసినందుకే వచ్చిందట.

ఏసేపు మంచివాడని నువ్వంటున్నావు. నీకు అందరూ మంచివాళ్లే. నేను మాత్రం ఇక్కడ పెళ్లాం పిల్లలు లేకుండా, జొన్నరొట్టె నమలలేక, చెయ్యని తప్పుకు కూర్చున్నాను. ఈ కోపం ఇక లోపల పెట్టుకోలేను. అందుకని ఆఫీసరుకు అర్జీ రాశాను. ఏసేపు చేతిరాత తెప్పించి ఆ ఉత్తరంతో సరిపోల్చమని కోరాను. సొరుగు సంగతి, ఇంకు సంగతి, అన్నీ రాశాను. వాడి ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. పోనీ. నాది పోలేదా ఏమి, ఉన్నా లేనట్టే కదా.

వచ్చే సోమవారం టపాలో వేస్తాను. అంతవరకు ఆపింది నీ మాట మీద గౌరవంతోనే. ఏసేపు కాదని నీకు అంత గట్టిగా తెలిస్తే, ఎవరో కూడా తెలిసే ఉండాలి. తెలిస్తే రాయి.

నీ
చౌడప్ప


కడప,
24-7-1954

చౌడప్పా,

ఇది సోమవారంలోపు నీకు అందాలని ఉత్తరాన్ని స్టేషనుకే తీసుకుపోయి బండిలో వేస్తున్నాను.

నీకు తెలుసు. నీకు మొదటినుంచీ తెలుసు. బల్లిని ఇచ్చిన రోజే నాకు అర్థమైంది. అది చాలక ఇప్పుడు ఏసేపు పేరు అడ్డం పెట్టి నాతో కక్కిస్తున్నావు. పిల్లి ఎలుకను ఆడించినట్టు ఆడించావు. నీ చోట నేనున్నా అదే చేసేవాడినేమో, నిన్ను అనడానికి నాకు నోరు లేదు.

ఆ ఉత్తరం నేనే రాశాను.

ఏప్రిల్ నెలలో ఆఫీసరు నన్ను లోపలికి పిలిచి, మనిద్దరిలో ఒకరు ఆలూరుకు పోవాలని, నా పేరు రాసుకున్నానని చెప్పాడు. నేను రామలక్ష్మమ్మ సంగతి చెప్పుకున్నాను. అందరికీ ఏదో ఒక జబ్బు ఉంటుందన్నాడు. ఆ వారం ఆమెకు ఊపిరి అందక పెదవులు నల్లబడ్డాయి. డాక్టరు దుమ్ము ఊళ్లు వద్దన్నాడు. ఆలూరంటే దుమ్ము తప్ప ఏముంది? మర్నాడు అందరూ భోజనాలకు పోయాక, నా బల్ల దగ్గర కూర్చుని, గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాశాను. సొరుగు మాట నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? ఆ గవ్వలు నువ్వూ నేనూ కలిసి దాచుకున్నవే.

'ఈ చౌడప్ప అనేవాడు జూదరి' అని రాసిన మాట దగ్గర గోడ మీద బల్లి పలికింది. అబద్ధం రాస్తుంటే సత్యం పలికింది. ఒక అక్షరం తప్పు రాసి కొట్టేశాను. ఆ తరువాత కూడా పూర్తిచేశాను. అప్పటినుంచి ఆ గోడవైపు చూడలేకపోతున్నాను. నువ్వు భుజం మీద అదే జీవాన్ని పెట్టి పంపావు.

గుర్రం ఎందుకిచ్చానో ఇప్పుడు నీకు తెలిసింది. నేను ఇవ్వగలిగింది అదొక్కటే.

ఏసేపు మీద అర్జీ పంపొద్దు. నన్ను ఏమైనా అను, వాణ్ణి వదిలెయ్యి. నీ కవరు లక్క చెదరకుండా తిప్పి పంపుతున్నాను. ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నాను. పేరులేని ఉత్తరం రాయగలిగాను గాని ఒకరు నమ్మి మూసిన కవరు విప్పలేకపోయాను. భైరవయ్య కోట చేరడు. నువ్వే విప్పుకో, లోపల నా గురించి ఏం రాశావో నాకు చూడాలని లేదు.

ఓబులేసు


ఆలూరు,
30-7-1954

ఓబులేసుకు,

నీ ఉత్తరం బుధవారం అందింది. అర్జీ సోమవారమే పోయింది.

నాకు ఏమీ తెలియదు. నీ ఉత్తరం విప్పేదాకా తెలియదు. తెలిసి ఉంటే ఇన్ని రోజులు పిల్లిలా ఆడించే ఓపిక నాకుందా? నువ్వు పదేళ్లు చూసిన తిమ్మన్న నేనే కదా, ముందు కొట్టేవాణ్ణి.

చదివిన రోజు అన్నం ముట్టలేదు. ఉరుకుందమ్మ వచ్చి నా ఎదురుగా చతికిలబడి, ఆ రెండోవాడు ఏమన్నాడని అడిగింది. నిజం చెప్పినాడమ్మా అన్నాను. "అయితే ఏడుస్తాండావెందుకు?" అంది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

నాకు కోపంగా ఉంది. ఎందుకో రాస్తాను, సరిగా చదువు. ఆలూరుకు వచ్చినందుకు కాదు. నువ్వు నోరు తెరిచి ఒక్కసారి అడిగి ఉంటే నేనే ఆఫీసరు దగ్గరికి పోయి నా పేరు రాయించుకునేవాణ్ణి. రామలక్ష్మమ్మ గోడకు ఆనుకుని నిద్రపోవడం నేను చూడలేదా? ఆమె ఆ ఆయాసంతోనే నాకు ఎన్నిసార్లు అన్నం వడ్డించింది? నువ్వు నన్ను అడగదగినవాణ్ణి అనుకోలేదు. పదేళ్లు నా ఎదురుగా కూర్చుని, నా మంత్రికీ నా రాజుకూ జీవాలు ఎంచినవాడివి, నన్ను మాత్రం చూడలేదు.

కవరు విప్పాను. నేను రాసింది ఉన్నదున్నట్టు కింద ఎత్తి రాస్తున్నాను. నీకు చూడాలని లేకపోయినా చదవాలి, అది కట్టడి.

'భైరవయ్య నిజమే చెబుతాడు గాని గొంతు చిన్నది, పక్కవాడు గట్టిగా అరిస్తే తన మాట తనకే అనుమానం. అందుకని బల్లి. వాడు నిజం చెప్పినప్పుడల్లా భుజం మీద నుంచి అది పలుకుతుంది, వాడికి ధైర్యం వస్తుంది. ఈ ఆలోచన నాకు విచారణ రోజున వచ్చింది. ఆఫీసులో అందరూ తలలు దించుకుంటే ఓబులేసు ఒక్కడే లేచి, అందులో పందెం లేదు సార్, చౌడప్ప ఏ తప్పూ చేయలేదు అన్నాడు. అతని గొంతు పక్క బల్ల దాకా కూడా పోలేదు. అప్పుడే గోడ మీద బల్లి పలికింది. ఎవరూ పట్టించుకోలేదు. నేను విన్నాను. నాకు ఈ లోకంలో ఒక్కడున్నాడు అనుకున్నాను.'

ఇదే నీ గురించి నేను రాసింది. దీనికి భయపడి నువ్వు నలభై రోజులు నిద్ర చెడగొట్టుకున్నావు.

బల్లి అబద్ధం పలకలేదు ఓబులేసూ. నేను తప్పు చేయలేదని నువ్వు అన్నమాట నిజమే. అది నిజమని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడివి కూడా నువ్వే. అది నీకెందుకు అంత బాగా తెలుసో కూడా నాకు చెప్పాలని ఆ జీవానికి ఏం తెలుసు.

ఇక ఏసేపు. వంకర అక్షరాలు చూడగానే అవి బంట్రోతువే అయి ఉంటాయని నేను ఒక్క క్షణంలో తేల్చేశాను. చదువుకున్నవాడి ఎడమచెయ్యి నాకు తట్టనే లేదు. పటాలు గీసిన కళ్లని గొప్పగా రాసుకున్నాను. వాడు నా కుర్చీ తుడుస్తూ అన్నమాట నువ్వు రాస్తే కూడా నమ్మలేదు. నువ్వు నాకు చేసిందే నేను వాడికి చేశాను, నేను పేరు పెట్టి చేశాను, అంతే తేడా.

బుధవారం సాయంత్రమే ఆఫీసరుకు ఇంకో ఉత్తరం వేశాను. నా అనుమానం తప్పని, అర్జీ వెనక్కు తీసుకుంటున్నానని రాశాను. నీ పేరు రాయలేదు. అది నేను రాయను. వచ్చే వారం శనివారం ఆస్పరి స్టేషనులో బండెక్కుతున్నాను. ఆదివారం కడపలో ఉంటాను. సోమవారం పది గంటలకు నువ్వు ఆఫీసరు గదిలోకి పోయి చెప్పుకో. ఆయన ఏం చేస్తాడో నాకు తెలియదు. నిన్ను ఇటు పంపేటట్టయితే రామలక్ష్మమ్మ ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఉంటుంది, కృష్ణవేణమ్మకు నేను రాసేశాను. ఆమెను ఈ దుమ్ములోకి రానివ్వను. ఆ మాట నీకోసం కాదు, ఆమెకోసం.

ఆ తరువాత మనిద్దరం కలిసి ఏసేపు ముందు నిలబడదాం. వాడు ఏమంటే అది విందాం. తిడితే పడదాం.

గుర్రాన్ని తిప్పి పంపుతున్నాను. అది నా తిమ్మన్న స్వభావానికి ఇచ్చింది కాదు, నీ భయానికి ఇచ్చింది. వాడు నడిచే పోతాడు. బల్లిని మాత్రం నీ దగ్గరే ఉంచు. సోమవారం నీకు అవసరం పడుతుంది.

చౌడప్ప